పంపు సరే, పానా ఎవరి దగ్గర ఉంది?

1929లో అఖిల భారత చరఖా సంఘం ఒక పోటీ ప్రకటించింది. పల్లె ఇంటికి సరిపడే మెరుగైన రాట్నం చేసి చూపించినవారికి లక్ష రూపాయల బహుమతి. గాంధీ స్థాపించిన సంఘం కదా, నిబంధనల నిండా నీతివాక్యాలు ఉంటాయనుకుంటాం. ఉన్నవన్నీ కొలతలే. యంత్రం తేలికగా ఉండాలి, మోసుకుపోవడానికి వీలుండాలి, చేత్తోనో కాలితోనో తిప్పేదై ఉండాలి. ఒక స్త్రీ రోజుకు 8 గంటలు పెద్దగా అలసిపోకుండా దానిమీద పనిచేయగలగాలి. ఆ 8 గంటల్లో 12 నుంచి 20 నంబరు (నూలు సన్నదనానికి కొలత) నూలు 16,000 అడుగులు రావాలి. ధర 150 రూపాయలు మించకూడదు. 20 ఏళ్లు మన్నాలి. ఏడాదికి మరమ్మతుల ఖర్చు ధరలో 5 శాతం దాటకూడదు.

ఆ బహుమతి చివరికి ఎవరికీ దక్కలేదు. అయినా నిబంధనలు రాసినవారు అసలు సంగతి పట్టుకున్నారు. పేదల ఇంట్లో యంత్రానికి పరీక్ష కొన్ననాడు కాదు, చెడిపోయిననాడు. బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, విడిభాగం ఏ కొట్లో దొరుకుతుంది, దానికి డబ్బు ఎవరు తీయాలి అనేవి యంత్రం గీసే కాగితం మీదే ఉండాల్సిన ప్రశ్నలని వారికి తెలుసు.

పేద దేశాలకు తగిన సాంకేతికత ఏదన్న చర్చ ప్రపంచంలో 1960ల నుంచి జోరుగా సాగుతోంది. అందులో తరచు వినిపించే కొలబద్దలు మూడు: చిన్నదిగా ఉండాలి, చవకగా ఉండాలి, స్థానికంగా దొరికే వస్తువులతో తయారవ్వాలి. వినడానికి బాగుంటాయి. ఆ మూడు లక్షణాలూ ఉండి కూడా మూలపడిన పరికరాలు కోకొల్లలు. అవి లేకుండానే దశాబ్దాలపాటు నడిచినవీ ఉన్నాయి. ఈ చిక్కుముడి విప్పడానికి సౌర ఫలకలు, డ్రోన్ల దాకా పోనక్కర్లేదు. మన పల్లెల్లో బోరింగు అని పిలిచే చేతిపంపు చాలు.

నాలుగింట మూడు చెడిపోయాయి

దక్కన్ పీఠభూమి అడుగున ఉన్నది గట్టిరాయి. చేత్తో తవ్విన బావి కొంత లోతుకు వెళ్లేసరికి బండ తగిలి ఆగిపోతుంది. కరువు వస్తే ముందు ఎండేది అదే. 1966-67 బిహార్ కరువు రోజుల్లో యునిసెఫ్ సాయంతో కొత్తరకం డ్రిల్లింగు రిగ్గులు మన దేశానికి వచ్చాయి. గాలి ఒత్తిడితో బండను పొడుచుకుంటూ దిగే యంత్రాలవి. వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చింది. ఊరూరా బోర్లు పడ్డాయి.

బోరు మీద బిగించడానికి పంపు కావాలి. అప్పట్లో దొరికినవి పోత ఇనుప పంపులు. ఐరోపా, అమెరికా రైతుల పెరళ్లలో ఉండే పంపులకు నకళ్లు. ఒక కుటుంబం పూటకు నాలుగు బిందెలు కొట్టుకోవడానికి చేసినవి. వాటిని తెచ్చి రెండు మూడు వందల మంది నీళ్లు పట్టుకునే కూడలిలో నిలబెట్టారు. తెల్లవారకముందే మొదలైన వరుస చీకటి పడ్డాక గాని తెగదు. పోత ఇనుము పెళుసు. ఇరుసు దగ్గర పిన్ను అరిగితే హ్యాండిలు పక్కకు ఊగుతుంది, హ్యాండిలు ఊగితే లోపలి కడ్డీ వంగుతుంది, వంగిన కడ్డీ ఒకనాటికి తెగి గొట్టంలో పడిపోతుంది. 1970ల మధ్యలో పరిశీలించి చూస్తే, వేసిన పంపుల్లో దాదాపు నాలుగింట మూడు పనిచేయడం లేదని తేలింది.

ఇలాంటప్పుడు ఊరివాళ్లకు వాడుక రాదని, వస్తువు మీద బాధ్యత లేదని తీర్పు చెప్పడం తేలిక. వాడుకలో తప్పేమీ లేదు. పంపు గీసినవారు లెక్కలో పెట్టుకున్నది ఒక కుటుంబాన్ని, దాన్ని వాడింది ఒక ఊరు. అంతే తేడా.

దీనికి విరుగుడు పెద్ద ప్రయోగశాలల్లో మొదలుకాలేదు. మహారాష్ట్రలో, జాల్నాలోని ఒక చర్చి మిషన్ వర్క్‌షాపులోను, సోలాపూర్‌లో బోర్ల పని చేసేవారి చేతుల్లోను మొదలైంది. రోజూ చెడిపోయిన పంపులు బాగుచేసీ చేసీ విసిగిన మనుషులు వాళ్లు. పోత ఇనుమును వదిలేసి ఉక్కు పలకలను వెల్డింగు చేశారు. సోలాపూర్ పంపులో హ్యాండిలు చివర ఒక వంపు పలక, దానిమీద గొలుసు, గొలుసుకు కింద కడ్డీలు. ఎందుకీ ఏర్పాటు? హ్యాండిలు కొస గుండ్రంగా తిరుగుతుంది, కడ్డీ మాత్రం నిట్టనిలువుగా కదలాలి. రెంటినీ పిన్నుతో కలిపితే ప్రతి దెబ్బకూ కడ్డీ పక్కకు గుంజుకుంటుంది. గొలుసు వంపు పలకను చుట్టుకుంటూ దిగితే ఆ గుంజుడు ఉండదు. గొలుసు లాగుతుంది గాని తోయలేదు కాబట్టి పిస్టనును కిందికి దించే పని కడ్డీల బరువే చూసుకోవాలి. లోతు బోరులో కడ్డీలకు ఆ బరువు ఎలాగూ ఉంటుంది. హ్యాండిలుగా బరువైన ఉక్కు కడ్డీని పెట్టడం వల్ల అవతలి బరువుకు ఇవతల సమతూకం కుదిరి, చిన్నపిల్ల కూడా కొట్టగలిగేంత తేలికైంది.

ఈ ఆలోచనలను ఒకచోట చేర్చి యునిసెఫ్, భారత ప్రభుత్వం, మద్రాసులో ప్రభుత్వ రంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కలిసి ఒక నమూనా రూపొందించాయి. కోయంబత్తూరు ప్రాంతంలోని లోతైన బోర్లలో దాన్ని పరీక్షించారు. దాని పేరు ఇండియా మార్క్ 2. సుమారు 150 అడుగుల లోతు నుంచి నీళ్లు తోడుతుంది. మన ఊళ్లలో ఈనాటికీ కనిపించే బోరింగు ఇదే.

ఇంతవరకు ఇంజనీరింగు. దానికి మించిన పని తర్వాత జరిగింది. ఈ పంపుకు పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా తయారు చేసుకోవచ్చన్నారు. అలా వదిలేస్తే నాసిరకం సరుకు మార్కెట్‌ను ముంచెత్తేది. అందుకే 1979లో భారత ప్రమాణాల సంస్థ దీనికి ఐఎస్ 9301 అనే ప్రమాణం ఖరారు చేసింది. ఏ భాగం ఎంత మందం ఉండాలి, ఏ రంధ్రం ఎంత వెడల్పు ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి. పంపులు కర్మాగారం గేటు దాటకముందే తయారీదారుతో సంబంధం లేని సంస్థ తనిఖీ చేసే పద్ధతి పెట్టారు. దాంతో ఒక కర్మాగారంలో తయారైన గొలుసు మరో కర్మాగారం పంపుకు సరిగ్గా సరిపోయేది. ఎందరో తయారీదారులు రంగంలోకి దిగారు, పోటీతో ధర అదుపులో ఉంది, విడిభాగాలు అన్నిచోట్లా దొరికాయి. లక్షల సంఖ్యలో పంపులు నాటుకున్నాయి. నన్నడిగితే మార్క్ 2 విజయంలో గొలుసుకు ఎంత వాటా ఉందో ఆ ప్రమాణ పత్రానికి అంతకన్నా ఎక్కువే ఉంది. ఈ పంపు చేత్తో మోసేంత చిన్నది కాదు, ఊరి కమ్మరి కొలిమిలో తయారయ్యేదీ కాదు. పూర్తిగా కర్మాగారపు సరుకు. అయినా ఊరికి సరిపోయింది.

పది రూపాయల వాషరు, పది పైపుల బరువు

మార్క్ 2కు ఒక పెద్ద లోపం ఉంది. పైన ఉన్న భాగాలను గ్రీజు పూసి, బోల్టులు బిగించి ఊళ్లోనే చూసుకోవచ్చు. నీళ్లు ఎత్తే సిలిండరు మాత్రం వంద అడుగుల లోతున ఉంటుంది. దాని లోపలి వాషరు అరిగిపోతే, ఆ చిన్న వాషరు కోసం మొత్తం గొట్టాల వరుసను పైకి లాగాలి. జింకు పూత వేసిన ఇనుప గొట్టాలు పది అడుగులకొకటి. ఒక్కొక్కటీ పైకి తీసి, పట్టుకుని, మర విప్పి, పక్కన పేర్చాలి. మూడుకాళ్ల స్టాండు కావాలి, పెద్ద పానాలు కావాలి, నలుగురైదుగురు మనుషులు కావాలి, ఇవన్నీ మోసుకొచ్చే బండి కావాలి.

కాబట్టి పంపుతోపాటు మరమ్మతుకు కూడా మూడంచెల ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఊళ్లో ఒక సంరక్షకుడు, పైస్థాయిలో కొన్ని ఊళ్లకు కలిపి ఒక మెకానిక్కు, జిల్లా స్థాయిలో బండితో తిరిగే బృందం. తమిళనాడులో మొదలైన ఈ పద్ధతి నడిచినచోట పంపులు నడిచాయి. బండికి డీజిలు లేని నెలలో, బృందంలో ఖాళీలు భర్తీకాని ఏడాదిలో ఊరు తిరిగి పాత బావి దారి పట్టింది.

1981లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ బ్యాంకు కలిసి చేతిపంపుల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టాయి. దేశదేశాల పంపులను ప్రయోగశాలల్లోను, ఊళ్లలోను పరీక్షించారు. ఊరివాళ్లే నడుపుకొని, ఊరివాళ్లే బాగుచేసుకోగల పంపు అన్న ఆలోచన ఆ అధ్యయనంతోనే బలపడింది. కోయంబత్తూరు ప్రాంతంలోనే ఆ లెక్కన మార్క్ 2ను సవరించి మార్క్ 3 తయారు చేశారు. ఇందులో గొట్టం వెడల్పెక్కువ. గొట్టాలను కదపకుండా లోపలి కడ్డీలతోపాటు పిస్టనును పైకి లాగేయవచ్చు. బండితో, పెద్ద బృందంతో పని లేదు.

మరి దేశమంతా మార్క్ 3కు మారిందా? లేదు. వెడల్పు గొట్టాలకు ఖర్చెక్కువ. అప్పటికే దేశం నిండా మార్క్ 2 పంపులు, వాటి విడిభాగాలు, వాటికి అలవాటుపడిన మెకానిక్కులు, వాటి టెండరు పత్రాలు ఉన్నాయి. ఒక ప్రమాణం పాతుకుపోయాక దానికన్నా మంచిది వచ్చినా చోటు దొరకడం కష్టం. మార్క్ 2ను గెలిపించిన గుణమే మార్క్ 3కు అడ్డుపడింది.

ఇక పానా ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్న. ఉత్తర్‌ప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య అనే ప్రభుత్వ కార్యక్రమం కింద దళిత మహిళలు చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. ఇనుప గొట్టాలు ఆడవాళ్లు ఎత్తలేరన్న వాదన వాళ్లు ఎత్తాక ఆగిపోయింది. ఇందులో హక్కుల సంగతి ఎంత ఉందో పని లెక్క కూడా అంత ఉంది. పంపు చెడితే రెండు మైళ్లు నడిచేది ఇంటి ఆడమనిషి. పంపు త్వరగా బాగుపడాలన్న తొందర ఆమెకు ఉన్నంతగా బ్లాకు ఆఫీసు మెకానిక్కుకు ఉండదు. ఎవరికి తొందర ఉందో వారి చేతిలో పానా పెట్టడం కూడా రూపకల్పనలో భాగమే. డ్రాయింగు కాగితం మీద మాత్రం దానికి గడి ఉండదు.

అదే పంపు, వేరే నేల

మార్క్ 2 ఆఫ్రికాకు వెళ్లింది. లక్షణంగా నడిచిన పంపు, పేటెంటు లేదు, ధర తక్కువ. దాతలకు ఇంతకన్నా ఏం కావాలి? పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల భూగర్భ జలానికి ఆమ్లగుణం ఉంటుంది. జింకు పూత త్వరగానే కరిగిపోయి, కింద ఇనుము తుప్పు పట్టడం మొదలైంది. నీళ్లు ఎర్రబారాయి. ఆ నీళ్లతో ఉతికితే బట్టలకు మరకలు, వండితే అన్నం రంగు మారుతుంది, తాగితే ఇనుము రుచి. పంపు పనిచేస్తూనే ఉంది గాని జనం దాన్ని వదిలేసి వాగుకు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టగలమా? స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలో, ప్లాస్టిక్ గొట్టాలో వేస్తే తీరిపోయే సమస్య ఇది. 1980లలోనే పరిశోధకులు ఈ సంగతి రాశారు. అయినా చవకైన జింకు పూత గొట్టాలు ఆమ్ల జలాల్లోకి దిగుతూనే వచ్చాయి.

అంతకన్నా పెద్ద చిక్కు విడిభాగాలది. మన దేశంలో ఒకే పంపుకు బ్రహ్మాండమైన మార్కెట్ ఉంది. అక్కడ ఒక్కో దాత సంస్థ తన దేశపు పంపును తెచ్చింది. ఒక జిల్లాలో ఫ్రాన్స్ వారి కాలితో తొక్కే వెర్నే పంపు, పక్క జిల్లాలో మార్క్ 2, ఆ పక్కన ఇంకొకటి. ఏ దుకాణదారూ అన్ని రకాల వాషర్లు నిల్వ పెట్టలేడు. ఏడాదికి రెండు అమ్ముడుపోయే వాషరు కోసం షాపు తెరిచేవాడుండడు. తర్వాత కొన్ని దేశాలు తమకంటూ ప్రమాణాలు పెట్టుకున్నాయి. ఉగాండా మార్క్ 2ను సవరించి యూ2 అని పేరు పెట్టుకుంది. మలావీలో, కెన్యాలో రూపుదిద్దుకున్న ఆఫ్రిదేవ్ పంపును ప్లాస్టిక్ గొట్టాలతో, ఒకే పానాతో విప్పేలా చేశారు. జింబాబ్వేలో 1933లో పుట్టిన బుష్ పంపు ఉంది. నూనెలో నానబెట్టిన గట్టి చెక్క దిమ్మే దాని బేరింగు. పేటెంటు లేదు, దేశంలోనే తయారీ. చాలాకాలం నిలబడింది.

ఇన్ని చేసినా 2009లో సబ్‌సహారా ఆఫ్రికాలోని 20 దేశాల లెక్కలు కూడితే, మూడింట ఒకటికి పైగా చేతిపంపులు ఏ సమయంలో చూసినా పనిచేయని స్థితిలో ఉన్నాయని అంచనా. సొమ్ము బోరు తవ్వడానికి వస్తుంది, వాషరుకు రాదు. బోరు దగ్గర రిబ్బను కత్తిరించవచ్చు, వాషరు దగ్గర ఫొటో ఎవరు తీసుకుంటారు?

ఫొటోల మాట వచ్చింది కాబట్టి ప్లేపంపు గురించి చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆలోచన. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నాన్ని బోరుకు కలిపారు. పిల్లలు ఆడుకుంటుంటే నీళ్లు ఎత్తు మీది ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు చుట్టూ ప్రకటనల బోర్డులు, వాటి ఆదాయంతో మరమ్మతులు. 2000లో ప్రపంచ బ్యాంకు పురస్కారం వచ్చింది. 2006లో అమెరికా ప్రభుత్వం, దాతలు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2010 నాటికి 4,000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం. ఒక్కొక్కదాని ధర దాదాపు 14,000 డాలర్లు, మామూలు చేతిపంపుకు కొన్ని రెట్లు.

తర్వాత లెక్కలు బయటికి వచ్చాయి. చెప్పినంత మందికి చెప్పినన్ని నీళ్లు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో ఒక బ్రిటిష్ పత్రిక తేల్చింది. పిల్లలు బడికి వెళ్లాక దాన్ని తిప్పాల్సింది తల్లులు, అమ్మమ్మలు. నడుం వంచి, నలుగురూ చూస్తుండగా ఆటబొమ్మ చుట్టూ తిరగడం వాళ్లకు నొప్పి, నామోషీ కూడా. అడవిదారి పక్కన ఉన్న ఊళ్లో ప్రకటన ఇచ్చేవాడెవడు? బోర్డులు ఖాళీగా ఉండిపోయాయి. చెడిపోయిన పంపులు నెలల తరబడి అలాగే ఉన్నాయి. 2010కి ఆ కార్యక్రమం మూతపడింది. మొజాంబిక్‌లో కొన్ని ఊళ్లలోనైతే, ఉన్న చేతిపంపును పీకి దాని స్థానంలో దీన్ని పెట్టారు. ఇది కొనుగోలుదారు, వాడుకరి వేర్వేరుగా ఉన్న సరుకు. కొనే దాతకు పిల్లల నవ్వు నచ్చింది. నీళ్లు మోసే అమ్మమ్మను ఎవరూ అడగలేదు.

మరమ్మతు సరిగా జరిగినచోట

ఇక్కడిదాకా చదివినవారికి సూత్రం దొరికిందనిపిస్తుంది: విడిభాగం బజారులో దొరకాలి, మరమ్మతు ఊళ్లో జరగాలి, యంత్రం వాడేవారి సొంతం కావాలి. బంగ్లాదేశ్ ఈ మూడింటినీ సాధించింది. అందుకే దాని కథ ఇంకా భయపెడుతుంది.

గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు నేల మెత్తన. చేత్తో గొట్టం దించినా నీళ్లు పడతాయి. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి ప్రభుత్వం, యునిసెఫ్ గొట్టపు బావులను ప్రోత్సహించాయి. ఆరో నంబరు అనే చిన్న పోత ఇనుప పంపు ప్రతి సంతలో దొరికేది, ఊరి మిస్త్రీ ఒక పూటలో బిగించేవాడు. త్వరలోనే ప్రభుత్వంతో పని లేకుండా జనమే సొంత డబ్బుతో లక్షలాది బావులు వేసుకున్నారు. పెరట్లోనే నీళ్లు. ఇంతకన్నా తగిన సాంకేతికత ఏముంటుంది?

1993లో ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉన్నట్టు గుర్తించారు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడ్లకు అంటుకుని ఆర్సెనిక్ ఉంటుంది. నేలలోని సేంద్రియ పదార్థం ఆక్సిజన్‌ను తినేస్తే ఆ ఆక్సైడ్లు కరిగి, ఆర్సెనిక్ నీళ్లలోకి జారుతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏళ్ల తర్వాత అరచేతుల్లో గట్టి పొక్కులు, ఒంటిమీద నల్లమచ్చలు, ఆపైన క్యాన్సర్లు. చరిత్రలోనే అతిపెద్ద సామూహిక విషప్రయోగంగా దీన్ని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వర్ణించారు. 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ముప్పు ఉందని అంచనా.

పంపు చెడిపోతే తెలుస్తుంది. నీళ్లు చెడ్డవైతే తెలియదు. ఊరి మిస్త్రీ పానాతో ఆర్సెనిక్‌ను పట్టుకోలేడు, దానికి రసాయన పరీక్ష కావాలి. 2000 తర్వాత దేశమంతటా దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, మంచివాటికి ఆకుపచ్చ రంగు, చెడ్డవాటికి ఎరుపు రంగు పూశారు. దాదాపు 14 లక్షలకు ఎరుపు పడింది. వడపోత పరికరాలు చాలా వచ్చాయి, కొన్ని అంతర్జాతీయ బహుమతులు కూడా గెలుచుకున్నాయి. కాని ఎక్కువమంది చేసింది అతి సాదా పని: ఎర్ర పంపు వదిలి పక్కింటి ఆకుపచ్చ పంపుకు వెళ్లడం. ఒకే ఊళ్లో, కొన్ని పదుల గజాల తేడాలో మంచి నీళ్లూ విషమూ ఉండడం వల్ల అది సాధ్యమైంది. ఎర్ర రంగు ఒకటి రెండేళ్లలో వెలిసిపోయింది. ఆ తర్వాత వేసిన కొత్త బావుల్లో చాలావాటిని ఎవరూ పరీక్షించలేదు. ఆర్సెనిక్ లేని లోతు బావులను ప్రభుత్వం వేసినచోట అవి పలుకుబడి ఉన్నవారి వాకిళ్లలో పడ్డాయని 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఎత్తిచూపింది. పరీక్షించే ఏర్పాటు, నీళ్లు పంచుకునే ఏర్పాటు కూడా యంత్రంతోపాటు రావాలని ఎవరూ అనుకోలేదు.

మనకూ ఇలాంటిదే ఒకటుంది. ఫ్లోరైడు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. నల్గొండలో గ్రానైటు నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగి ఎన్ని తరాల ఎముకలను వంచిందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) దీనికి ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ పద్ధతి అనే అంటుంది. నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగు పొడి వేసి కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైనున్న నీళ్లు వాడుకోవడం. కరెంటు వద్దు, దిగుమతి వద్దు, పటిక ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా ప్రయత్నించారు.

చిన్నది, చవకైనది, స్థానికమైనది. మూడు కొలబద్దలకూ నూటికి నూరు మార్కులు. అయినా ఇళ్లలో నిలవలేదు. ఎంత పటిక వేయాలన్నది ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంత, క్షారగుణం ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. పక్క బోరుకు లెక్క వేరు. తక్కువ వేస్తే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే నీళ్లు రుచి తప్పుతాయి. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఇవన్నీ రోజూ, పొద్దున్నే, నీళ్లు మోసుకొచ్చిన తర్వాత, ఆ మోసుకొచ్చిన మనిషే చేయాలి. ఫలితం ఈరోజు కనిపించదు, ఇరవై ఏళ్ల తర్వాత ఒంగని వెన్నెముకగా కనిపిస్తుంది. ఎవరైనా ఎంతకాలం చేస్తారు? ప్రయోగశాలలో సులువైన పద్ధతి వంటింట్లో ఇంకో చాకిరీ అయింది.

చివరికి నల్గొండకు ఊరట దొరికింది దూరం నుంచి వచ్చిన కృష్ణా నీళ్లతో. పెద్ద పంపింగు స్టేషన్లు, శుద్ధి కేంద్రాలు, వందల మైళ్ల పైపులైన్లు. మిషన్ భగీరథ పైలాను 2015లో ఫ్లోరైడు పీడిత చౌటుప్పల్‌లోనే నిలబెట్టడం ఊరికే కాదు. చిన్న పరికరాల అభిమానులకు ఇది మింగుడుపడదు గాని, ఇక్కడ తగిన సాంకేతికత పెద్దదే. విషం ఊరి రాతిలోనే ఉన్నప్పుడు పరిష్కారం ఊళ్లోనే దొరకాలని పట్టుబట్టడం మొండితనం.

ఈలోగా తెలుగు నేల మీద బోరింగుల పని చాలాచోట్ల వేరే కారణంతో అయిపోయింది. వ్యవసాయ బోర్లు వందల అడుగులు దాటి దిగాయి, విద్యుత్ మోటార్లు నీళ్లను తోడేశాయి. 150 అడుగుల దాకా అందుకోగల చేతిపంపు కింద తడి లేకుండా పోయింది. పంపులో ఏ లోపమూ లేదు. దాని కింది నీటిమట్టం ఎవరి పర్యవేక్షణలోనూ లేదు.

నెల జీతం ఎవరిస్తారు?

పంపు పోయి కుళాయి వచ్చినా ప్రశ్న పోలేదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి పల్లె ఇంటికీ, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున కుళాయి నీళ్లు అందాలి. మోటారు కాలిపోతే, వాల్వు లీకైతే, క్లోరిన్ అయిపోతే ఎవరు చూస్తారు? చేతిపంపుకు వాషరు ఎంతో కుళాయికి కరెంటు బిల్లు అంత. దేశమంతటా పంచాయతీలు నీటి పన్ను వసూలు చేయడానికి ఎంత తటపటాయిస్తాయో తెలిసిందే.

ఈ చిక్కుమీద నేరుగా చెయ్యి వేసిన ప్రయోగం ఒకటి కెన్యాలో జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కిటుయి ప్రాంతంలోని చేతిపంపుల హ్యాండిళ్లలో ఒక చిన్న పరికరం బిగించారు. హ్యాండిలు ఎన్నిసార్లు కదిలిందో అది ఫోను సందేశంగా పంపుతుంది. కదలిక ఆగిందంటే పంపు చెడినట్టు. వెంటనే మెకానిక్కు బయల్దేరతాడు. అంతకుముందు చెడిన పంపు బాగుపడడానికి సగటున 27 రోజులు పట్టేది. ప్రయోగకాలంలో అది 3 రోజుల లోపుకు దిగింది.

పత్రికలు హ్యాండిలులోని చిప్పు గురించే రాశాయి. నాకు ముఖ్యమనిపించేది చిప్పు కాదు. విడిభాగాల సంచితో, మోటారు సైకిలుతో సిద్ధంగా ఉన్న జీతగాడైన మెకానిక్కు ఒకడున్నాడు. ఒక్కో ఊరూ తన పంపుకు తనే మెకానిక్కును వెతుక్కునే పని లేకుండా, ఎన్నో పంపులకు కలిపి ఒకే సేవ. ఒక ఊళ్లో ఈ నెల రెండుసార్లు చెడినా, ఇంకో ఊళ్లో ఏడాదంతా చెడకపోయినా ఖర్చు అందరి మధ్యా సర్దుకుంటుంది. సమయానికి బాగుచేస్తారన్న నమ్మకం కుదిరాక, అంతకుముందు చందా ఇవ్వనివారు కూడా ఇవ్వడానికి ముందుకొచ్చారు. తర్వాత ఇదే పద్ధతితో కిటుయి, క్వాలే కౌంటీల్లో స్థానిక మరమ్మతు సంస్థలు ఏర్పడ్డాయి.

హ్యాండిలు లెక్కలు ఇంకో సంగతి కూడా బయటపెట్టాయి. వానలు పడగానే పంపు వాడకం పడిపోతుంది. వాగులో, గుంటలో ఉచితంగా నీళ్లు దొరుకుతున్నప్పుడు దూరం నడిచి, డబ్బు కట్టి పంపు నీళ్లు ఎవరు తెచ్చుకుంటారు? వాడకంతోపాటు చందా కూడా తగ్గుతుంది. మెకానిక్కు జీతం మాత్రం వానాకాలంలో తగ్గదు. ఊరివాళ్లు కట్టేదానితో ఆ సంస్థల ఖర్చు పూర్తిగా వెళ్లడం లేదు. లోటును ఒక ట్రస్టు నిధి భర్తీ చేస్తోంది. దాతలు తప్పుకుంటే ఆ భారం కౌంటీ బడ్జెట్‌లోకి ఎక్కాలా, రేటు పెంచి ఊరి మీద వేయాలా అన్నది అక్కడ ఇంకా తేలలేదు.